గడియ పెట్టే అలవాటు

సీతాఫల్‌మండిల మా ఆపా ఇల్లు మూడో అంతస్తుల ఉంటది. మీద డాబా. పక్కకెళ్ళి రైలు పోతే వంటింట్ల గిన్నెలు సప్పుడు చేస్తయ్. సౌదీకెళ్ళి వచ్చినంక నేను ఆడనే ఉంటున్న. జనగామల మాకిప్పుడు ఇల్లు లేదు, అమ్మ లేదు. ఆపా అంటే మా అక్క, పేరు నజ్మున్నీసా. బావ నాగూర్ బాషా లాలాగూడ వర్క్‌షాప్‌ల పని చేస్తడు. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, జెబా. ఏడేండ్లు.

ఆ పిల్ల నన్ను చూస్తే భయపడేది. దాని తప్పు లేదు. నేను నాలుగేండ్లు ఎడారిల మేకలు కాసి వచ్చినోణ్ణి. మంచం మీద నిద్ర రాదు. నల్ల తిప్పితే నీళ్ళు ఊర్కె పోతుంటయ్, చూస్తే పరేషాన్ అయ్యేది. అర బకెట్‌తోనే తానం. మొఖానికి రుమాలు చుట్టుకోకుండ గల్లిలకు పోలేను. ఎవరన్న మాట్లాడిస్తే తల ఊపుడే.

"మమ్మీ, ఆ మనిషి మళ్ళ ఎప్పుడు పోతడు?" అని జెబా అడగంగ విన్న.

"మనిషేందే! మామూ అను" అని ఆపా దాని నెత్తి మీద ఒక్కటిచ్చింది.

ఇంకో అలవాటు సుత ఉండె నాకు. ఏ దర్వాజ దాటినా గడియ పెడ్త. చెయ్యి దానంతట అదే పోతది. ఒకసారి బావ డాబా మీద ఫోన్ మాట్లాడవోతే, నేను కిందికి దిగుతూ లోపల్కెళ్ళి గడియ పెట్టిన. గంట సేపు ఎండల ఇరుక్కున్నడు.

"ఏందిరా జానీ, ఇంట్ల మందను తోల్తున్నవా?" అని నవ్విండు బావ. "మేం మేకలమేనా నీకు?"

నేను నవ్వలే. గడియ ఎందుకు పెడ్తనో ఎవరికీ చెప్పలే.

బక్రీద్‌కు అయిదు దినాలుండంగ బావ ఒక మేకపోతును తెచ్చి డాబా మీద కట్టేసిండు. దాని వాసన రాంగనే నా పానం జెర కుదుటపడ్డది. అది కొత్త జాగల బెదిరి ఆకు ముడ్తలేకుండె. జెబా దూరంకెళ్ళి బతిలాడుతుంది. నేను మెల్లగ మేకలను పిలిచే కూత పెట్టిన. "హుర్ర్... తాల్... తాల్..."

మేకపోతు చెవులు నిలబెట్టి వచ్చి నా చేతిల తిన్నది. జెబా చప్పట్లు కొట్టింది.

"మళ్ళ అను మామూ!"

మామూ అన్నది. మొదటిసారి. ఆ సంతోషంల దానికి కూత నేర్పిన. ఒక్కటే చెప్పిన. "పొద్దు మునిగినంక అనొద్దు బిడ్డా. చీకట్ల పిలిస్తే ఎవర్ని పిలిచినవో వాళ్ళకు తెల్వదు. విన్నోళ్ళందరొస్తరు."

ఆ మాట నాది కాదు. డేవిడ్ రాజన్న మాట.

నిజామాబాద్ దిక్కాయన. ఎడారిల మేము ఇద్దరమే ఉంటిమి. నాకు కూత నేర్పింది ఆయనే, రొట్టె కాల్చుడు నేర్పింది ఆయనే. యజమాని పైపుతోని కొడుతుంటే నా మీద పడి ఆ దెబ్బలు తిన్నది సుత ఆయనే. ఒక చలికాలం మేక ఒకటి తప్పిపోతే దేవులాడవోయిండు. చీకటైంది. దూరంకెళ్ళి కూత వినవడ్డది... దాని ఎనుక కుక్కలు. ఎడారి కుక్కలు, గుంపు గుంపు. ఆయన ఉరికొచ్చి రేకు గేటు అంచు పట్టుకున్నడు.

"జానీ... తియ్‌రా."

నేను తియ్యలే. నూకిన. ఆయన వేళ్ళు అడ్డమొచ్చినయ్... భుజం పెట్టి మళ్ళ నూకిన. గడియ పడ్డది. తెల్లారేదాక చెవులు మూసుకొని మేకల నడుమ కూసున్న.

బయట మిగిలినదాన్ని యజమాని గోతిల ఏపిచ్చిండు. లోపలి దిక్కు పడ్డ మూడు వేళ్ళను నేనే దొడ్డిల పూడ్చిన. ఒకదానికి సిలువ గుర్తు ఎండి ఉంగరం ఉండె. ఎవరన్న అడిగితే పారిపోయిండని చెప్పుమన్నడు. రాజన్న పెండ్లాం ఫోన్ చేస్తే గదే చెప్పిన.

పండుగకు ఇంక రెండు దినాలు. సాయంత్రం నేను, జెబా డాబా మీదున్నం. మేకకు నీళ్ళు అయిపోయినయ్. నేను బకెట్ పట్టుకొని దిగిన. ఆపా నమాజ్‌ల ఉండె, బావ డ్యూటీకెళ్ళి అప్పుడే వచ్చి కాళ్ళు కడుగుతుండె. పొద్దు మునిగే యాళ్ళ మగ్రిబ్ అజాన్ అయిపోయింది. వంటింట్ల నల్ల కింద బకెట్ పెట్టి నిలబడ్డ.

మీదికెళ్ళి సన్నటి గొంతు.

"హుర్ర్... తాల్... తాల్..."

గల్లి నిండ పండుగ మేకలు. పొద్దటిసంది అరుస్తనే ఉండె. అన్నీ ఒక్కపారే బందైనయ్.

అప్పుడు ఇంకో కూత వచ్చింది. మొగ గొంతు. నీళ్ళు లేక ఎండిన గొంతు. రైలు పట్టాల దిక్కుకెళ్ళి... మళ్ళ వచ్చింది. మా గల్లిలకెళ్ళి... మళ్ళ.

డాబా మీదికెళ్ళి.

మెట్లు ఉరికిన. డాబా రేకు డోరుకు గడియ పెట్టి ఉంది. నా చెయ్యే పెట్టింది. పిల్లను బయట ఉంచి.

సందులకెళ్ళి వాసన... కాలిన ఇసుక, తడి కుక్క, నెత్తురు. అవతల మేకపోతు అరిచింది. కత్తి కింద మేక ఎట్ల అరుస్తదో నాకు తెలుసు. అది గట్ల అరవలే. తోలు చినిగే సప్పుడు. బొక్క ఇరిగే సప్పుడు. డోరు కిందికెళ్ళి నా ఉత్త కాళ్ళకు ఎచ్చగ తడి తగిలింది.

"మామూ! తియ్ మామూ!" జెబా రేకును గుద్దుతుంది.

దాని ఎనుక, మెల్లగ...

"జానీ... తియ్‌రా."

నా చెయ్యి గడియ మీద ఆగింది. అబద్ధం చెప్ప. ఆగింది. భుజం దానంతట అదే పోయి డోరుకు ఆనింది.

అప్పుడు సందులకెళ్ళి జెబా వేళ్ళు లోపలికొచ్చినయ్. నాలుగు. చిన్నయి. గోర్లకు పండుగ మైదాకు.

గడియ గుంజిన. డోరు బయటికి తెరిచి, జెబాను జుట్టు పట్టి లోపలికి ఇసిరిన. మెట్ల మీద బావ ఉరికొచ్చి దాన్ని పట్టుకున్నడు. డోరు మూద్దామని ఎడమ చేత్తోని అంచు పట్టుకున్న. బయటకెళ్ళి ఎవరో భుజం పెట్టి నూకిన్రు.

ఒకసారి కాదు... రెండుసార్లు.

చెయ్యి ఎనుకకు వచ్చింది. మూడు వేళ్ళు రాలే.

తర్వాత మేకలు మళ్ళ అరుసుడు షురూ చేసినయ్.

దవాఖానల బావ ప్లాస్టిక్ కవర్ ఇచ్చిండు. ఐసు ముక్కల నడుమ వేళ్ళు. "మా బామ్మర్దియి మేడం. డోరు లోపల మెట్టు మీద దొరికినయ్. జెర అతికించున్రి."

డాక్టరమ్మ వాటిని ట్రేల పెట్టి చూసింది. నా చెయ్యి చూసింది. మళ్ళ వాటిని చూసింది.

"ఇవి ఇతనివి కావు" అన్నది. "ఇవాళ తెగినవి కూడ కావు. పూర్తిగ ఎండిపోయినయ్. గోళ్ళ నిండ ఇసుక. ఎక్కడివి ఇవి?"

బావ ఒంగి చూసిండు. ఒక వేలును చూపిచ్చిండు.

"జానీ... నువ్వు ఉంగరం ఎప్పుడు పెట్టుకున్నవ్‌రా?"

నేను ఒంగి చూసిన. ఉంగరం మీద సిలువ గుర్తు.

డాబా అంత బావ మూల మూల ఎతికిండు. మేకపోతు తాడు దొరికింది, ముడి ఊడలే. నా వేళ్ళు దొరకలే.

ఇప్పుడు జెబా నాకు భయపడ్తలేదు. మగ్రిబ్ కాంగనే వచ్చి నా కుడి చెయ్యి పట్టుకొని కూసుంటది. ఇంట్ల ఏ దర్వాజకూ నేను గడియ పెడ్తలేను.

ఎడమ చేతికి కట్టు ఉంటది. అండ్ల మూడు వేళ్ళు లేవు. ఐనా గదే టయానికి... ఆ లేని వేళ్ళకు ఏడి ఇసుక అంటుతది. ఎవరో వాటిని పట్టుకుంటరు. జెబా కంటే గట్టిగ.

పట్టుకొని... మెల్లగ గుంజుతుంటరు.