కోయిలకుంట్లలో తెరుచుకునే బ్రౌజర్

“అంటే నేను అబద్ధాలు చెప్తాండానా?”

ఫోన్‌లో జీవిత గొంతు ఒక్కసారిగా లేచింది. కడపలో, మేడ మీది ఒంటి గదిలో కూర్చున్న లేవి ఫోన్‌ను చెవి దగ్గర్నుంచి కాస్త దూరం జరిపాడు.

“నేనట్ల అన్లేదు. రిపోర్టు అంటాంది.”

“ఏమంటాంది?”

“సిస్టం విండోస్ పదకొండు, బ్రౌజర్ కొత్తది అంటాంది. షాపులో ఉండేది పాతకాలం మిషన్ కదా! అంటే నువ్వు షాపులో లేవు. ఇంట్లో కూర్చోని నీ లాప్‌టాప్ తగిలించినావు.”

“ఓ... అట్లనా సార్.”

రోజూ ‘ఏమప్పా లేవీ’ అని పిలిచే పిల్ల ‘సార్’ అందంటే అక్కడితో నోరు మూసుకోవాలి. మన లేవికి అంత ఇంగితం ఎక్కడిది! అదే మాట తీసుకెళ్లి కంపెనీ గ్రూపులో అందరి ముందూ పెట్టాడు. బెంగళూరులో ఉండే మేనేజర్ ఉమామహేశ్ అది చూసి, జీవితకు ఈ నెలతో పని చాలని రాసేశాడు.

వీళ్ల పనేమిటంటే, విత్తనాల షాపులకు బిల్లులు కొట్టే వెబ్‌సైట్ ఒకటి ఆ కంపెనీ తయారుచేస్తోంది. దాన్ని పరీక్షించే ప్రోగ్రాములు లేవి రాస్తాడు. కడపలో అతను మీట నొక్కితే కోయిలకుంట్లలో, జీవిత కూర్చునే షాపులోని పాత కంప్యూటర్ మీద బ్రౌజర్ దానంతటదే తెరుచుకుంటుంది. రైతు పేరు నింపుతుంది, శనగల బస్తా రాస్తుంది, బిల్లు కొడుతుంది. తెర మీద ఏం జరిగిందో చూసి చెప్పడం, షాపు పనికి తోడుగా, కంపెనీ జీవితకిచ్చిన పని. ఏ సిస్టం, ఏ బ్రౌజర్ అన్న వివరాలు రిపోర్టు మొదట్లోనే వచ్చేలా ఈమధ్యే లేవి నాలుగు లైన్లు కలిపాడు. గొడవైన రోజు తెర మీద బిల్లు బటనే కనబడలేదు. మిషన్ పాతది కాబట్టి అట్ల అయిందని జీవిత అంది. రిపోర్టు కాదంది. లేవి రిపోర్టును నమ్మాడు.

టెస్టు నడుస్తున్నంతసేపూ ఇద్దరూ ఫోన్‌లోనే ఉండేవాళ్లు. “అన్నం తింటివా? ఏం కూర?” అని ఆమె అడిగేది. “పెరుగు” అనేవాడు లేవి. “పెరుగు కూరెట్ల అవుతుందప్పా, నీ మొగం!” అని పకపకా నవ్వేది. అసలు ఆమె అతని ముఖం ఎప్పుడూ చూడలేదు. అతనూ ఆమెను చూడలేదు.

వాళ్లమ్మ పోయాక బద్వేలులో ఇల్లు ఖాళీ చేసి కడప చేరాడు లేవి. ఊళ్లో అతనికి తెలిసినవాళ్లు లేరు. కింద ఇంటివాళ్లతో “నీళ్లు వదిలినారా?” అన్న మాట తప్ప మరో మాట లేదు. ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, ప్రార్థన ముగియగానే ఎవరూ పలకరించకముందే బయటపడేవాడు. రోజు మొత్తంలో అతన్ని తింటివా అని అడిగే మనిషి జీవిత ఒక్కతే. ఆమె అంటే అతనికి ప్రాణం. కానీ, ‘నాలాంటోణ్ణి ఆ పిల్ల ఏం ఇష్టపడుతుందిలే’ అని తనకు తానే తేల్చేసుకుని ఊరుకున్నాడు.

ఆ గొడవ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ‘రన్ అయింది సార్’ అని మెసేజ్ మాత్రం వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం కడపలో మబ్బు పట్టి, దుమ్ము లేచి, నాలుగు చినుకులు పడ్డాయి. అబ్బ, ఎన్నాళ్లకు వాన! లేవి సంబరంగా ఫోన్ తీసి, జీవిత పేరు దాకా వెళ్లి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వాన పడిందని చెప్పుకోవడానికైనా మనిషి లేకపోతే అదేం బతుకని ఏడుపొచ్చింది.

ఏం తోచక టెస్టు మీట నొక్కాడు. అంతలోనే జీవిత మెసేజ్ వచ్చింది. ‘ఈడ పొద్దున్నుంచి కరెంటు లేదు సార్. మిషన్ ఆన్ కాలేదు.’

టెస్టు ఫెయిలైంది. అవతల మిషనే లేనప్పుడు బ్రౌజర్ ఎట్ల తెరుచుకుంటుంది? కానీ రిపోర్టు మొదట్లో మాత్రం విండోస్ పదకొండు, కొత్త బ్రౌజర్ అని చక్కగా అచ్చయి ఉంది.

లేవి రిపోర్టును మళ్లీ మొదట్నుంచి చదివాడు. ఆగిపోయిన మిషన్ వివరాలెట్ల చెప్పింది? తను కలిపిన నాలుగు లైన్లు కోయిలకుంట్ల దాకా పోనేలేదు. ఎదురుగా ఉన్న తన లాప్‌టాప్‌నే అడిగి, ఆ జవాబే తెచ్చి పెట్టాయి.

“ఓరి దేవుడా! ఆ పిల్ల పని తీయించేస్తినే!”

తప్పు పూర్తిగా తనదేనని వెంటనే గ్రూపులో రాశాడు. ఉమామహేశ్ ఫోన్ చేశాడు. “ఆమె పని పోదులే. కానీ ఇప్పుడు ఆమే రానంటోంది. సారీ చెప్పాల్సింది నాక్కాదు, పోయి ఆమెకు చెప్పు.”

జీవిత ఫోన్ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, ప్రొద్దుటూరులో మారి, లేవి కోయిలకుంట్లలో దిగాడు.

షాపులో బస్తాల మధ్య స్టూలు మీద ఒకమ్మాయి చేట పట్టుకుని కూర్చుని ఉంది. “ఏం విత్తనాలు కావల్లన్నా?”

ఆ గొంతు ఎవరిదో అతనికి వేరే చెప్పాలా! “నేను... లేవి.”

ఆమె ఎగాదిగా చూసింది. “రాండి సార్. మిషన్ ఈడ్నే ఉండాదో లేదో చూసుకోని పోదురు.”

“తప్పయింది జీవితా. గ్రూపులో కూడా రాసినా.”

“నేనెప్పుడో గ్రూపులోంచి బయటికొచ్చేస్తి. అంతమంది ముందర దొంగను చేస్తివి. ఒక్క మాట నన్ను అడిగింటే ఏం పోయేది?”

“అదే నా రోగం. నీ మిషన్‌ను అడగాల్సింది నా మిషన్‌ను అడిగినా. నీ మనసులో ఏముండాదో కూడా నిన్ను అడక్కుండా నన్ను నేనే అడిగితి.”

జీవిత చేతిలోని చేట పక్కన పెట్టింది. “ఏమని?”

“నేనంటే నీకు ఇష్టమేనా అని.”

“ఏం చెప్పుకుంటివి?”

“లేదని.”

“శానా తెలివైనోడివే!”

ఇంతలో ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. “అమ్మీ, జొన్నలుండాయా?”

“ఉండాయి తాతా, రోంత కూర్చో. ఈయప్పకు అడిగేదొకటి ఉండాది, అడిగిపోనీ.”

తాత బస్తా మీద కూర్చుని లేవి వైపు చూశాడు. లేవి గొంతు తగ్గించాడు. “తాత ముందరనా?”

“గ్రూపులో అందరి ముందర అన్నప్పుడు సిగ్గు కాలేదా? అడుగు.”

“నేనంటే... ఇష్టమేనా?”

నవ్వబోయిన జీవిత కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. “దినమంతా ఈ బస్తాలతో, ఆ మిషన్‌తో నేను ఒక్కదాన్నే ఉంటా. నీ ఫోన్ కోసం ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చేది. ఇష్టం ఎప్పట్నుంచో ఉండాదప్పా. నువ్వు అడగందే ఎట్ల చెప్పేది?”