రంగు రేకుల వరుస

రెజిమెంటల్ బజార్‌లోని డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చిన హదస్సా కుర్చీలో కూర్చోలేదు.

"మా ఆయన థిన్నర్ వాసనకు ఊపిరాడక పోయిండంటున్నరు మేడమ్. ఇన్నేండ్ల అనుభవమున్న మనిషి, ఫ్యాన్ బంద్ పెట్టుకొని రంగు కలుపుతడా?"

డిటెక్టివ్ కల్పలత ఆమెకు మంచినీళ్లిచ్చి, అసిస్టెంట్ హరికిషన్‌తో లాలాగూడ బయల్దేరింది. మంచినీళ్ల ట్యాంకుల లోపల పూసే రంగు తయారుచేసే ఫ్యాక్టరీ అది. హదస్సా భర్త రోనాల్డ్ అక్కడ కెమిస్టు.

మిక్సింగ్ రూములో వాసన ఇంకా గొంతు పట్టుకుంటోంది. చనిపోయే ముందు రోనాల్డ్ రంగు పరీక్షకు పూశాడంటున్న రేకులు బల్ల మీద వరుసగా ఉన్నాయి. ఏం కలిపిందీ చెప్పే ప్రింటు స్టిక్కర్లు వెనక ఉన్నాయి. కల్పలత ఒక్కొక్కటీ తిప్పి చూపించింది. మొదటి రేకులో రంగును గట్టిపరిచే హార్డెనర్ మాత్రమే తగ్గింది. తర్వాతి దాంట్లో థిన్నర్ మాత్రమే పెరిగింది. ఆ తర్వాత రెసిన్ మాత్రమే.

"రోనాల్డ్ ఎట్ల పనిచేసేవాడు?" అని తోటి కెమిస్టు అభిరామ్‌ను అడిగింది.

"మూడు నాలుగు ఒక్కసారే మారుస్తుండె మేడమ్. ఏది దేనితో కలిస్తే ఏమైతదో అట్లనే తెలుస్తదనేటోడు. ఏ రేకు ముందు పూయాల్నో చీటీలు తీసేటోడు. నాకు సుత అదే నేర్పిండు. మొన్న నీళ్లల్ల నానబెట్టిన రేకులు చూసి మస్తు పరేషాన్ అయిండు. అవి ఇప్పుడు కనబడ్తలేవు."

యజమాని రాఘవేందర్ విసుక్కున్నాడు. "టైం దండగ పని! ఒక్కొక్కటే మార్చి చూస్తే సాలదా? నేను గట్లనే కంపెనీ నిలబెట్టిన."

హరికిషన్‌కు ఏమీ అంతుపట్టలేదు. కల్పలత మాత్రం ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసింది.

సాయంత్రం హదస్సాతో సహా అందరినీ అదే గదిలో కూర్చోబెట్టింది.

"ఈ రేకులు రోనాల్డ్‌వి కావు. అతని పద్ధతి ఒక్కదాంట్లోనూ లేదు. అభిరామ్ పూసినా ఆ పద్ధతే కనబడేది. పనిచేస్తూ చనిపోయాడని నమ్మించడానికి మీకొచ్చిన పద్ధతిలో పూసింది మీరే, రాఘవేందర్ గారూ. నానబెట్టిన రేకులు పోలీసులకు మీ కారు డిక్కీలో దొరికాయి. అభిరామ్ వాటిని పరీక్షించాడు. హార్డెనర్ తగ్గించిన రంగును వానాకాలపు తేమలో పూస్తే లోపల గట్టిపడదు, విషం నీళ్లలోకి దిగుతుంది. విడివిడిగా మార్చి చూస్తే ఇది బయటపడదు. ఖర్చు మిగలాలని హార్డెనర్ తగ్గించి అమ్ముతున్నది మీరు."

రాఘవేందర్ తల దించుకున్నాడు. "సరుకంతా వాపస్ తెప్పియ్యమన్నడు రోనాల్డ్. థిన్నర్ డబ్బా ఒంపి, బయట గడియ పెట్టి, బయటి స్విచ్‌తోని ఫ్యాన్ బంద్ చేసిన. శానాసేపు తలుపు కొట్టిండు."

హదస్సా ఏడవలేదు. "ఆ రంగు ఎక్కడెక్కడ పూసిన్రు?" అంది.

"హాస్టళ్లకు..."

హరికిషన్ మొదటి హాస్టల్‌కు ఫోన్ కలిపాడు. పిల్లలు అన్నాలకు కూర్చున్నారు, తర్వాత చేయమంది వార్డెన్.

"నీళ్లు పోయకండి!" అని అరిచాడు.