కడగని పదో అచ్చు

ఉదయం ఏడింటికి గుడివాడ స్టేషన్లో కాఫీ తాగిన మోహనకృష్ణ, కప్పు కింద పెట్టేలోపే కుప్పకూలాడు. విషం. అతను బందరు తీర సందేశ కేంద్రంలో ప్రోగ్రామర్, పెడన అద్దకం వాళ్లబ్బాయి. ఫోను, పర్సు ఎవరో తీసేశారు. జేబులో మిగిలింది చిన్న కలంకారీ గుడ్డ. దాని మీద పది పూలు. తొమ్మిది చక్కని ఎరుపు. పదోది నలుపు కలిసి మురికిగా ఉంది.

ఎనిమిదిన్నరకి ఆ గుడ్డ కోదండరామయ్య హోమియో షాపు వెనకగదిలో, ఏజెంట్ సుమ ముందు ఉంది. బయట బోర్డు ప్రకారం ఆయన డాక్టరు. లోపల చీఫ్.

"రెడ్ క్రాబ్ ముఠా," అన్నాడు చీఫ్. "మోహనకృష్ణ ఈ గుడ్డలో మనకే కబురు పెట్టాడు. మన తుఫాను హెచ్చరిక ఒక్కసారి ఫెయిలైతే వాళ్ల సిస్టమ్ మనకి అమ్ముకోవచ్చు. తుఫాను దారి మూడున్నరకి గానీ తేలదు. నాలుగింటికి బోట్లకి వెనక్కి రమ్మని మెసేజ్ వెళ్లాలి. ఆలస్యమైతే ఒడ్డు చేరలేరు."

బోట్లు నలభై మూడు, అన్నీ నాగాయలంకవి. అందులో ఒకదాంట్లో సుమ భర్త రాంబాబు ఉన్నాడు. పాపకి ఒళ్లు వెచ్చగా ఉంది, ఈ ఒక్కరోజూ ఆగమంటే వినలేదు. భార్య పెడనలో అద్దకం పనికి వెళ్తోందనే అతనికి తెలుసు. అందులో సగం నిజమే. అంత దూరంలో ఫోన్లు పనిచేయవు. బోటులో ఉన్న సెట్టుకి కేంద్రం నుంచే మెసేజ్ రావాలి.

చీఫ్ సిస్టమ్ సంగతి చెప్పాడు. మెసేజ్ వెళ్లాలంటే ప్రోగ్రాం డేటాబేస్‌ని తాకాలి. మధ్యలో ఓఆర్ఎం అనే టూల్ ఉంటుంది. పని పడినప్పుడల్లా అది ఒక సెషన్ తెరిచి, పూల్ అనే ఉమ్మడి గూట్లో ఉన్న పది కనెక్షన్లలో ఒకటి తీసుకుంటుంది. పనయ్యాక సెషన్ మూసి, కనెక్షన్ని తిరిగి పూల్‌లో పెడుతుంది. తర్వాత వచ్చిన సెషన్ దాన్నే వాడుకుంటుంది.

"మా అల్మరాలో అచ్చుల్లాగే అండీ," అంది సుమ. పదో పువ్వు మీద వేలు పెట్టింది. "నలుపు అద్దిన అచ్చుని కడక్కుండా పెట్టేశారు. తర్వాత వచ్చినవాళ్లు చూసుకోకుండా దాంతోనే ఎరుపు అద్దారు."

చీఫ్ గుడ్డని దగ్గరకి లాక్కున్నాడు. "అంటే ఒక కనెక్షన్ మీద సెట్టింగు మార్చి, అలాగే పూల్‌లో పెట్టేశారు. దాంట్లో వెళ్లిన మెసేజ్ బోట్లకి చేరకుండా దొంగ పట్టికలో పడుతుంది. స్క్రీన్ మీద మాత్రం పంపినట్టే ఉంటుంది. కానీ పదింట్లో ఒకటేగా. సరిగ్గా నాలుగింటికి అదే తగిలేలా ఎలా చేస్తారు?"

సుమ ఆ పది పూలనీ మళ్లీ లెక్కపెట్టింది.

ఆయన ఒక చెక్క అచ్చు ఇచ్చాడు. పిడిలో పెన్‌డ్రైవ్ ఉంది. గుచ్చితే పాత పూల్ రద్దై పది కొత్త కనెక్షన్లు వస్తాయి. కానీ రెండు నిమిషాలు సిస్టమంతా ఆగిపోతుంది. ఖాయమైతే తప్ప వాడొద్దన్నాడు. లోపల తనూజ అనే మన ఏజెంటు ఉంది, ఆవిడ సాయం తీసుకోమన్నాడు.

మూడు నలభైకి, బయటివాళ్లని లోపలికి వదిలే వేళ కాగానే, సుమ చీరలమ్మే మనిషిలా మూటతో కేంద్రంలోకి వెళ్లింది. తనూజ పట్టుచీర, సెంటు వాసన సర్వర్ రూముకి అస్సలు నప్పలేదు.

"ఎరుపు ఆరిందా అండీ?"

"కరక్కాయ పెట్టిన గుడ్డ కదా, ఆరింది." కోడ్ సరిపోయింది. "పదీ నేనే చూశాను, క్లీన్. వెళ్లి టీ తాగు."

సుమకి ప్రాణం కుదుటపడింది. తలుపుదాకా వెళ్లి, ఎందుకో వెనక్కి చూసింది. స్క్రీన్ మీద తొమ్మిది సెషన్లు తెరిచి ఉన్నాయి. అన్నింటి పక్కనా తనూజ పేరే.

"చూడటం అయిపోయిందన్నారుగా. మరి తిరిగి పెట్టలేదేం?"

తనూజ నవ్వింది. చీఫ్ ప్రశ్నకి జవాబు సుమకి అప్పుడు దొరికింది. తొమ్మిదీ ఈవిడే పట్టుకు కూర్చుంటే, నాలుగింటికి వచ్చే మెసేజ్‌కి మిగిలేది ఆ పదోదే.

తనూజ లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సన్నని తుపాకీ గొట్టం. "అద్దకం చేసుకునేదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ? ఏం చదివావు?"

"తొమ్మిది తర్వాత పది వస్తుందని తెలిసేంతవరకు చదివానండీ."

సుమ విసిరిన చీరల మూట విచ్చుకుంటూ తనూజ మొహం మీద పడింది. గుండు సీలింగులోకి పోయింది. చెక్క అచ్చు మణికట్టుకి తగిలింది. తనూజ తేరుకునేలోపే ఆరు గజాల చీర ఆమెని కుర్చీకి కట్టేసింది.

మూడు యాభై ఎనిమిది. సుమ పెన్‌డ్రైవ్ గుచ్చింది. స్క్రీన్ నల్లబడింది. తను పొరపాటు పడిందేమో. పాపకి జ్వరం పెరిగిందేమో. ఆ రెండు నిమిషాల్లో ఆమె అనుకోని కీడు లేదు.

నాలుగింటికి రెండు సెకన్లు ఉండగా పది పచ్చచుక్కలు వెలిగాయి. మెసేజ్ వెళ్లింది. అందిందంటూ బోట్ల నుంచి జవాబులు రాసాగాయి. ముప్పై. నలభై. నలభై రెండు. అక్కడ ఆగింది. తర్వాత నిదానంగా, నలభై మూడోది.

వానలో తడిసి ఇంటికొచ్చిన రాంబాబు, చేపలు బాగా పడుతున్నప్పుడే పిలిచేశారని విసుక్కున్నాడు. జ్వరం తగ్గిన పాపని ఎత్తుకుని టీ తాగాడు. తాగిన గ్లాసు కడక్కుండా తీసుకెళ్లి అల్మరాలో పెట్టాడు.

ఏజెంట్ సుమ చెయ్యి, ఆ రోజులో మొదటిసారి, నడుం దగ్గరున్న పిస్టల్ మీదికి వెళ్లింది.