కళ్లిరోయి ఇంట సంవత్సరీకం

"రూబెన్ కోసం తీసుకున్న కాలేజీ సీటు ఖాళీగా ఉంది. నువ్వు చదువుకోవడానికి వెళ్తున్నావు," అన్నాడు చీఫ్ తైసెన్.

హేగ్‌లోని ఆ గూఢచారి ఆఫీసు గదికి కిటికీలు లేవు. ఏజెంట్ మైకె నిటారుగా కూర్చుని వింది. రూబెన్ ఆమె పార్ట్‌నర్. లిస్బన్‌లో ట్రామ్ దిగుతుంటే ఎవరో వెనకనుంచి విషపు సూది గుచ్చారు. ఆనాటినుంచి మైకెకి ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఆకలీ వేయలేదు. ఎవరైనా పెడితే తినేది, చెబితే పడుకునేది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. గ్రీకు దీవి సీరోస్. అక్కడి డిజైన్ కాలేజీలో ప్రొఫెసర్ ఆర్గిరిస్ అనే పేరుతో పాఠాలు చెబుతున్న ముసలాయన, ఒకప్పుడు 'బ్లాక్ యాంకర్' ముఠాకి కోడ్‌లు రాసి పెట్టి, పారిపోయి వచ్చినవాడు. రూబెన్‌ని చంపిందీ ఆ ముఠాయే. ఇప్పుడు ఈయన్ని చంపడానికి మనిషిని పంపింది. ఎవరన్నది తెలియదు.

"నువ్వు ఎక్స్చేంజ్ స్టూడెంట్‌వి. గది చూసుకో. క్లాసులకి వెళ్లు. మన ఏజెంట్ సిగ్నె వచ్చి కలుస్తుంది."

చివర్లో ఒక సన్‌క్రీమ్ ట్యూబ్ ఇచ్చారు. నొక్కితే మత్తుమందు చిమ్ముతుంది. ఫిబ్రవరిలో సన్‌క్రీమ్ ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాలని మైకెకీ అనిపించలేదు.

సీరోస్ రేవుపట్నం ఎర్ముపోలిలో, మెట్ల వీధిలో గది దొరికింది. గోడలు చెమ్మ. తలుపు సందుల్లోంచి గాలి. ఇంటావిడ కిరియా కళ్లిరోయి, అంటే కళ్లిరోయి అమ్మగారు, నల్లబట్టలు వేసుకునేది, గట్టిగా అరిస్తే పరాయివాళ్లకి గ్రీకు అర్థమవుతుందని నమ్మేది. రోజూ కిందనుంచి ఒకటే కేక, "పిల్లా, గీజరు ఆపావా?" మైకె ఆపేది కాదు. అప్పుడు ఆవిడే పైకొచ్చి ఆపి, శనగల సూపు గిన్నె బల్లమీద పెట్టి, "తిను, ఎముకలగూడూ," అని తిట్టి వెళ్లేది. మైకె తినేది. రుచి తెలిసేది కాదు.

అలా క్లాసులు, హోంవర్కు, ప్రొఫెసర్ వెనకాలే కాఫీషాపులు. ముసలాయన మార్కుల విషయంలో పరమ పిసినారి. ఆయన్ని ఎవరు చంపాలనుకున్నా ఆశ్చర్యం లేదని తోటి విద్యార్థులు నవ్వుకునేవారు.

ఒక శనివారం పడవలోంచి సిగ్నె దిగింది. పొడుగాటి మనిషి, తెల్లటి కోటు, వేలికి పచ్చరాయి ఉంగరం. రేవులో ఉన్న మగవాళ్లంతా చేతిలో పని మర్చిపోయారు.

"ఈ దీవిలో గాలి ఎప్పుడాగుతుంది?" అంది.

"రాయి చల్లబడ్డాక."

కోడ్ కలిసింది. సిగ్నె ఫైలు మైకెకి కంఠతా వచ్చు: పుట్టింది, పెరిగింది కోపెన్‌హాగన్. గ్రీకు గడ్డమీద కాలు పెట్టడం ఇదే మొదలు. ఆ భాష ఒక్క ముక్క రాదు.

మర్నాడే కళ్లిరోయి భర్త సంవత్సరీకం. చర్చి అయ్యాక వీధి వీధంతా ఆవిడ ముందుగదిలో చేరింది. వాళ్లలో పక్కింటి ప్రొఫెసరూ ఉన్నాడు, మైకె వెంట వచ్చిన సిగ్నె కూడా ఉంది. ఉడికించిన గోధుమల్లో పంచదార, దానిమ్మ గింజలు కలిపి కాగితపు పొట్లాలు కట్టారు. పంచడానికి సాయం చేస్తానని సిగ్నె సైగ చేసింది. కళ్లిరోయి ముందు ఒక పొట్లం ఆమె చేతిలోనే పెట్టింది. సిగ్నె దాన్ని అందుకుంటూ నోట్లో ఏదో గొణిగింది.

తరువాత మైకె వంతు. "థాంక్స్," అంది.

కళ్లిరోయి ఆమె చేతిమీద చిన్న దెబ్బ వేసింది. "పోయినవాడి పేరున పెట్టేదానికి థాంక్స్ చెప్తారటే? దేవుడు ఆయన్ని మన్నించాలి, అనాలి."

ఆ గ్రీకు మాటలు వినగానే మైకె ఆగిపోయింది. ఇందాక సిగ్నె గొణిగినవి అవే. అవి మైకె గ్రీకు నేర్చుకున్న శిక్షణలోనే కాదు, ఏ భాషాశిక్షణలోనూ నేర్పరు. చిన్నప్పుడు ఎవరి చెయ్యో పట్టుకుని ఇలాంటి గదుల్లో నిలబడి ఉంటేనే అలా తన్నుకొస్తాయి. అయితే ఆ ఫైలంతా అబద్ధం. సిగ్నె మన మనిషి కాదు, ముఠా మనిషి.

మైకె తలతిప్పి చూసింది. గది అవతలి కొసన సిగ్నె ప్రొఫెసర్‌కి పొట్లం అందించి నిలబడింది. ఉంగరంలో పచ్చరాయి మూతలా తెరిచి ఉంది. ముసలాయన అప్పటికే పిడికెడు తీసి నోటిదాకా తెచ్చాడు.

మైకె మనుషుల్ని తోసుకుంటూ వెళ్లి ఆ చేతిమీద కొట్టింది. గోధుమలు నేలంతా చిందాయి. సిగ్నె చెయ్యి కోటు జేబులోకి వెళ్తుండగానే సన్‌క్రీమ్ ట్యూబ్ నొక్కింది మైకె. తెల్లటి కోటు గోడకి జారుతూ కూలబడింది. మధ్యాహ్నానికి ఏథెన్స్‌లోని మన మనుషులిద్దరు వచ్చి, సొమ్మసిల్లిన టూరిస్టును ఆసుపత్రికి అన్నట్టుగా మోసుకుపోయారు.

అందరూ వెళ్లాక మైకె మోకాళ్లమీద కూర్చుని గోధుమలు ఏరసాగింది.

"వీటిని పిట్టలకి వెయ్యకండి, కిరియా."

వాటిలో విషం కలిసిందని కళ్లిరోయి గ్రహించింది. లోపలినుంచి ఇంకో పొట్లం తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీకెవరు పోయారే?"

"ఒకతను."

"పేరుండదూ?"

"రూబెన్." ఆ పేరు పైకి అని ఎన్నాళ్లయిందో.

"అయితే అతని పేరున ఆ మాట అను."

మైకె ఆ మాటలు తప్పుల తడకగా అంది. పిడికెడు నోట్లో పోసుకుంది. దానిమ్మ గింజ పంటికింద చిట్లింది. తియ్యగా ఉంది. ఏడుపు మాత్రం రాలేదు. కానీ తియ్యగా ఉందని తెలిసింది, ఇంకో పిడికెడు కావాలనిపించింది.

సాయంత్రం చీఫ్ మెసేజ్ వచ్చింది: మిషన్ ముగిసింది, రేపే బయల్దేరు.

మైకె జవాబు కొట్టింది: "గాలికి పడవలు ఆగిపోయాయి. పైగా గురువారం ప్రాజెక్టు ఇవ్వాలి. ప్రాణం కాపాడినంత మాత్రాన గడువు పెంచనన్నాడు ప్రొఫెసర్."

తరువాత లేచి వెళ్లి గీజరు ఆపింది.