ఎనిమిది అడుగుల వెలుతురు

సాయంత్రం అయిదు గంటల ఇరవై నిమిషాలు.

లైట్లక్క బాల్కనీలో నిలబడి స్విచ్ వేసింది. ఫంక్షన్లకు లైట్లు పెట్టి పెట్టి ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది. ఇవాళ సొంత చెల్లెలి పెళ్ళి రిసెప్షన్. కింద డాన్స్ ఫ్లోర్ మీద చెల్లెలి పేరూ మరిది పేరూ గుండ్రటి వెలుగులో పడాలి. గంట క్రితం వేసి చూసినప్పుడు ముత్యాల్లా పడ్డాయి కూడా.

ఇప్పుడు పడ్డవి వేరే అక్షరాలు.

'పెళ్ళికూతుర్ని వెతక్కండి. వెతికితే శవం దొరుకుతుంది.'

కింద ఎవరో కెవ్వుమన్నారు.

 ఎవరో వేళాకోళం ఆడారేమోనన్న ఆశతో లైట్లక్క మెట్లు దిగి మేకప్ గదికి పరిగెత్తింది. గది ఖాళీ. అద్దం ముందు చెల్లెలి ఇన్‌హేలర్ పడి ఉంది.

చెల్లెలికి ఉబ్బసం. కాస్త దుమ్ము తగిలితే చాలు, ఊపిరి అందదు. ఆ ఇన్‌హేలర్ లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్ళని పిల్ల.

"వెతకొద్దని రాశారుగా! పోలీసులంటే పిల్ల ప్రాణం మీదికి వస్తుంది" అన్నాడు బోర్డులాయన. పెళ్ళికొడుకు అన్నగారు. షాపుల బోర్డులు చేయడం ఆయన వృత్తి. పెళ్ళికొడుకు మాత్రం తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

లైట్లక్క ఆ మాట వినలేదు. ఫోన్ చేసింది.

అయిదూ నలభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. సన్నగా, పొట్టిగా, బడి పంతులమ్మలా ఉంది. గేటు కెమెరాలో, అయిదూ పదికి పూల వ్యాన్ బయటికి వెళ్ళినట్టు కనిపించింది. జీపును దాని వెనక పంపి, తను బాల్కనీ ఎక్కింది.

"అయిదుకీ అయిదూ ఇరవైకీ మధ్య ఎక్కడున్నారు?"

"కింద టీ తాగుతున్నానండీ."

"ఎవరు చూశారు?"

"ఏమో, గమనించలేదు."

"ఈ లైటు ముట్టుకునేది మీరొక్కరేగా?"

"అంటే నన్నే అనుమానిస్తున్నారా? దాన్ని ఎత్తుకుని పెంచానండీ నేను!"

"ఎత్తుకుని పెంచామని చెప్పినవాళ్ళకి బేడీలు వేసిన రోజులున్నాయమ్మా."

లైట్లక్క గడియారం వైపు చూసింది. తనను లాకప్‌లో వేసినా సరే అనుకుంది. వీళ్ళు తన మీద పడి కూర్చుంటే అక్కడ చెల్లెలి ఊపిరి ఎవరు చూస్తారు?

పూల వ్యాన్‌లో ఖాళీ బుట్టలు తప్ప ఏమీ లేవని జీపు నుంచి ఫోన్ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలుతో లైటులోంచి స్టీలు బిళ్ళను బయటికి లాగింది. గోబో అంటారు దాన్ని. అక్షరాలు కత్తిరించిన బిళ్ళను లెన్సు వెనక పెడితే, అక్షరాలు నేల మీద వెలుగై పడతాయి.

"ఈ నున్నదనం చూడండి. బెదిరించేవాడికి ఇంత నగిషీ దేనికి?" తనలో తను అనుకుంటున్నట్టు అంది. తర్వాత లైట్లక్క వైపు తిరిగింది. "ఇక్కడ మీరు పెట్టినట్టు లేనిది ఏదైనా ఉందా? కంగారు పడకుండా చూడండి."

కంగారు పడకుండా ఎలా చూస్తుంది? అయినా చూసింది. స్టాండు, వైర్లు, మూలన స్పేర్ లైటు పెట్టె. మూత తీసింది.

"ఈ వైరు చుట్టింది నేను కాదు."

"ఎలా చెప్పగలరు?"

"మోచేతికి చుట్టి కట్టారు. అలా చుడితే లోపల తీగ మెలిపడి తెగుతుంది. మా పనివాళ్ళెవరూ అలా చుట్టరు."

"ఇంకా?"

"అక్షరాలు స్పష్టంగా పడేలా తిప్పే ఫోకస్ రింగ్ తిరిగి ఉంది. రెండు లైట్లకీ నిన్నే ఫ్లోర్ దూరం చూసుకుని తెల్ల టేపుతో గుర్తు పెట్టుకున్నాను. ఇది గుర్తుకి బాగా పక్కకి పోయింది." లైట్లక్క రింగ్ వైపు వేలు చూపింది. "దీన్ని ఎవరో దగ్గర గోడ మీద వేసి చూశారు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు చిన్నవయ్యాయి.

"రింగ్ ముట్టుకోకండి. అలాగే వెలిగించండి."

బెదిరింపు బిళ్ళను స్పేర్ లైటులో పెట్టారు. ఒక కానిస్టేబుల్ తెల్లటి టేబుల్ గుడ్డ పరచి పట్టుకుని నిలబడ్డాడు. అక్షరాలు మసక. ఒక అడుగు ముందుకు. ఇంకా మసకే. మరో అడుగు. ఇంకొకటి.

ఒక్కసారిగా అక్షరాలు కత్తితో కోసినట్టు తేలాయి.

టేపు పెట్టి కొలిచారు. ఎనిమిది అడుగులు.

"ఈ బిల్డింగులో అంత చిన్న గది ఏది?"

బోర్డులాయనతో పాటు పైకి వచ్చి నిలబడిన హాలు మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. "అన్నీ పెద్ద గదులే మేడమ్. మెట్ల కింద స్టోరొకటుంది. తాళం వేసుంది. బోర్డులు పెట్టుకుంటామని నిన్న సాయంత్రమే తాళంచెవి..."

మాట ఆపేసి బోర్డులాయన వైపు చూశాడు.

"ఆ తాళంచెవి ఎక్కడో పడిపోయింది" అన్నాడు బోర్డులాయన.

లైట్లక్క అప్పటికే మెట్ల మీద ఉంది. ఇన్‌హేలర్ ఆమె పిడికిట్లో ఉంది.

ఆరూ పదికి కానిస్టేబుళ్ళు తలుపు పగలగొట్టారు. దుమ్ము గుప్పున కొట్టింది. బోర్డుల వెనక, నోటికి గుడ్డ కట్టి, చేతులు వెనక్కి విరిచి కట్టి, చెల్లెలు. పెదాలు నీలం. లైట్లక్క గుడ్డ లాగేసి ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కింది.

"లేవే! నా తల్లివి కదూ, పీల్చు! పీల్చవే!"

ఒక్కసారి. రెండుసార్లు. మూడోసారికి ఛాతీ కదిలింది. చెల్లెలు దగ్గింది. ఆ దగ్గు వినగానే లైట్లక్క భోరుమని ఏడ్చేసింది.

అంబులెన్సు వచ్చేలోగా, హాల్లో అందరి ముందూ ఇన్‌స్పెక్టర్ నోరు విప్పింది.

"అందరం నేల మీది అక్షరాలే చూశాం. అవి అంత నున్నగా ఎందుకున్నాయో ఎవరం ఆలోచించలేదు. బెదిరించేవాడికి అక్షరం వంకరగా పడ్డా పని జరుగుతుంది. పనిమంతుడికే మనసొప్పదు. వేసి చూసుకోకుండా బిళ్ళ చేయి దాటనివ్వడు. నిన్న ఆ స్టోరులో తలుపేసుకుని స్పేర్ లైటుతో వేసి చూసుకున్నారు. అన్నీ చక్కబెట్టి, రింగ్ మాత్రం తిప్పడం మరిచారు. పేర్ల బిళ్ళ చేసిందీ మీరేగా?"

బోర్డులాయన తల దించుకున్నాడు. "నేను చంపలేదు."

"చంపలేదు. ఆ పని ఉబ్బసానికి వదిలేశారు. నేరం అక్క మీదికి పోతుందనుకున్నారు."

"ఎందుకు?" లైట్లక్క అరిచింది. "అది మీకేం చేసింది?"

జవాబు చెల్లెలు చెప్పింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ చెప్పింది.

"పోయిన నెల... ఆస్పత్రి మలుపులో సైకిలు ముసలాయన్ని గుద్ది ఆగకుండా పోయిన కారు... బావగారిది. పగిలిన లైటు చూసి అడిగాను. ఇవాళ్టిలోగా మీరే వెళ్ళి చెప్పండి, లేకపోతే నేను చెబుతానన్నాను. బోర్డు మీద పేరు సరిచూడమ్మా అని పిలిస్తే... నమ్మి వెళ్ళాను. రాసుకోండి మేడమ్. ఆ రోజు కారులో ఆయనొక్కరే ఉన్నారు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీసింది.

"ఒక్కడే కాదు."

అందరూ తిరిగి చూశారు. సాయంత్రం నుంచి నోరు మెదపని పెళ్ళికొడుకు కుర్చీలోంచి లేచాడు.

"పక్క సీట్లో నేనున్నాను."

లైట్లక్క చేతిలో చెల్లెలి వేళ్ళు చల్లబడ్డాయి. మళ్ళీ ఊపిరి ఆగిపోతుందేమోనని ఇన్‌హేలర్ అందించబోయింది. చెల్లెలు దాన్ని పక్కకు నెట్టింది. పొద్దున్నే సంతకం పెట్టి పెళ్ళాడిన మనిషి మొహంలోకి కాసేపు చూసింది.

"అదీ రాసుకోండి మేడమ్" అంది.