బోర్లించిన సాసరు

మెట్ల కింద, మట్టి నమూనాలు దాచే ఆ చలిగది అంటే అక్క ఆఫీసులో అందరికీ హడల్. పగలైతే ఇద్దరేసి వెళ్లేవాళ్లు. చీకటి పడిందా... వాచ్‌మన్ కూడా అటు తల తిప్పేవాడు కాదు. నేను దెయ్యాల్ని నమ్మను. మా అక్క అసలే నమ్మదు. అందుకే ఆమె చెప్పింది నాకిప్పటికీ మింగుడు పడటం లేదు.

అక్క పనంతా చెరువు అడుగు బురదతో. రొయ్యలకి చుట్టాలైన చిట్టి ప్రాణులు, ఇసుక రేణువంతవి, చచ్చాక వాటి పెంకులు ఆ బురదలో పొరలు పొరలుగా మిగిలిపోతాయి. వాటిని చూసి చెరువు ఎప్పుడు బాగుందో, ఎప్పుడు చెడిందో చెబుతుంది. "పెంకులతో కాపరం చేస్తోంది" అని అమ్మ దెప్పుతుంటుంది.

ఆ పని అక్కకి నేర్పింది ఆఫీసులో ఆమె పెద్దాయన, మాష్టారు. తడిమట్టి గిన్నె మీద ఆయన మూత పెట్టేవారు కాదు. టీ తాగే సాసరే బోర్లించేవారు. కిందటేడు చెరువు మధ్యలో అడుగు బురదని పొరలతో సహా తీసే గొట్టం పైకి లాగుతుంటే పడవ తిరగబడింది. గొట్టం దొరికింది, ఆయనా దొరికారు... ప్రాణం లేకుండా. పడవలోని మిగతా సామానంతా చెరువు అడుగుకి పోయింది.

ఇంతలో ఊరి పెద్దలు తేల్చేశారు — అది చచ్చిన చెరువు, పూడ్చేద్దాం అని. ఇక తెల్లారితే ఆఖరి మీటింగు. "చావలేదమ్మా, నిద్రపోతోంది" అనేవారు మాష్టారు. అక్క దగ్గర ఆ మాటే గానీ రుజువు లేదు. ఆయన గొట్టంలోని మట్టిముద్ద ఒకటి గిన్నెలో వేసి, చూడటానికి మనసొప్పక ఆ చలిగదిలోనే వదిలేసింది. ఆ రాత్రి ఇక తప్పక దిగింది.

తలుపు కింద వెలుగు...

"లైటు నువ్వేశావా అన్నా?" అని మెల్లిగా అడిగింది.

మెట్ల పైనుంచే వాచ్‌మన్ గుసగుసగా అన్నాడు. "నేనా! తాళం నీ దగ్గరే ఉంది కదమ్మా..."

లోపల టేబుల్ లైటు గిన్నె మీదికి వంచి ఉంది. గిన్నె మీద ఓరగా బోర్లించిన సాసరు. తీసి చూస్తే — నిండా నీళ్లు. ఓ చుక్క మైక్రోస్కోపు కింద పెట్టింది. పెంకులు... పెంకులు... అన్నీ ఖాళీవే. ఒకదాంట్లో నల్లటి చుక్క.

కన్ను. అది ఆమె వైపు తిరిగింది. దాని వెనకే గుండె కొట్టుకుంటోంది!

అక్క కుర్చీలోంచి పడినంత పనైంది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ ప్రాణులు గట్టి గుడ్లు పెట్టి పోతాయట. చలిలో, చీకట్లో అవి ఏళ్ల తరబడి నిద్రపోతాయి. నీళ్లూ వెలుగూ తగిలితే లేస్తాయి. మర్నాడు పెద్దలంతా వంతులవారీగా ఆ కన్ను చూశారు. పూడ్చడం ఆగిపోయింది.

"ఇందులో దెయ్యమేముందే? నీళ్లు పోసి, లైటేసి మర్చిపోయుంటావు" అన్నాను.

అక్క బీరువాలోంచి, గుడ్డలో చుట్టిన ఆ రాత్రి సాసరు తెచ్చి నా ముందు పెట్టింది. నీలం రంగుది, అంచు విరిగింది. విరిగిన చోట చెరువు బురద ఎండిపోయి ఉంది.

"ఆ రోజు మాష్టారి ఫ్లాస్కుతో పాటు దీన్ని పడవలో సర్దింది నేనేరా."