పదో ఆకు ఏ పేజీలో?

నా పనికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. పుస్తకాలకు బైండింగ్ చేస్తాను. నేను కుట్టిన పుస్తకం బల్లమీద తెరిచి పెడితే అలాగే ఉంటుంది, పేజీ తనంతట తాను మూసుకోదు. ఈ గొప్ప నేనే చెప్పుకోవాలి. మా ఆన్‌లైన్ గ్రూపులో చెబితే రెండు ఎమోజీలు వస్తాయి, అంతే.

ఆ గ్రూపులో పన్నెండు మందిమి. ఒకరి ముఖం ఒకరు ఎరగం. ఆకులు రాలే కాలం వచ్చిందంటే ప్రతి ఒక్కరూ రోజుకో చిన్న సంగతి పంచుకోవాలి. బస్సు అద్దం మీద పొగమంచు, గోడ మీద నత్త వేసిన వెండి దారి, ఏదైనా సరే. అందులో తుమ్ముల రాణి అని ఒకమ్మాయి. గాలి చల్లబడితే పొద్దున్నే తన తుమ్ములు లెక్కపెట్టి రాస్తుంది. "ఇవాళ పద్నాలుగు. ఒక ఉడుత ఆగి మరీ చూసింది." రెండేళ్ళుగా ఆ లెక్క చూడనిదే నాకు టీ దిగదు. నాకు జిగురు డబ్బా అని పేరు పెట్టింది కూడా ఆమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేనొక ఫోటో పెట్టాను. తెల్లటి పింగాణీ పళ్ళెంలో పది ఎండుటాకులు. "పాత కథల పుస్తకం విప్పితే దొరికాయి. కుట్టేముందు పేజీల మధ్య ఏమున్నా తీసెయ్యాలి కదా. ఎంత బాగున్నాయో చూడండి."

నిమిషంలో తుమ్ముల రాణి రాసింది. "అట్ట నీలం రంగా? మూల ఎలుక కొరికిందా?"

"అవును. నీకెలా తెలుసు?"

"షాపు అడ్రస్ చెప్పు."

అరగంటలో ఒకమ్మాయి తలుపు తోసుకుని వచ్చి, కాగితాల దుమ్ముకి వరసగా మూడుసార్లు తుమ్మింది. ఎవరని అడిగే పని లేకపోయింది.

"అది మా అమ్మమ్మ పుస్తకం. మా నాన్న ఇచ్చి వెళ్ళారు. ఏ ఆకు ఏ పేజీలో ఉందో రాసుకున్నారా మీరు?"

గ్రూపులో నువ్వు అనే మనిషి మీరు అనేసరికి నా గుండె జారింది.

"లేదండీ."

"తాతయ్య ఏటా ఒక ఆకు తెచ్చేవారు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి చదివిన కథలో పెట్టేవారు. చూపు తగ్గాక అమ్మమ్మ ఆ ఆకులు తడుముకుని పేజీ తీసి, నాచేత చదివించుకునేది. నిన్న కంటికి ఆపరేషన్ అయింది. ఆదివారం కట్టు విప్పుతారు. మొదట అడిగేది ఈ పుస్తకమే. ఏం చెప్పమంటారు? అందంగా ఉన్నాయని పళ్ళెంలో సర్దారని చెప్పనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. విడదీసిన కాగితాల వంక తిరిగాను. పైనున్న కాగితం మీద లేత గోధుమరంగు మరక ఒకటి కనిపించింది. దీపం దగ్గరికి పట్టుకెళ్ళి చూశాను. ఈనెలతో సహా ఆకు ఆకారమే.

"ఇటు రండి. ఏళ్ళ తరబడి నొక్కుకుని ఉంటే ఆకు తన నీడ కాగితానికి అంటిస్తుంది. ఈ నీడ ఏ ఆకుదో చూడండి."

ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. ఒక్కో ఆకూ ఒక్కో మరక మీద ఆనించి చూడటం, కాదంటే ఇంకోటి. నాలుగో ఆకు దగ్గర ఆమె నా చెయ్యి ఆపింది.

"కాడ అటుంటే నువ్వు ఇటు పెట్టావేంటి? గొప్ప బైండరువే."

ఆ నువ్వు వినగానే ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రానికి తొమ్మిది ఆకులకు తొమ్మిది నీడలు దొరికాయి. పదోదానికి ఎక్కడా లేదు.

"అది పోయినేడు నేను పెట్టింది," అంది మెల్లగా. "తాతయ్య పోయాక. ఏ పేజీలోనో నాకూ గుర్తులేదు."

శనివారమంతా కుట్టాను. ఆదివారం నేనే పట్టుకెళ్ళాను. అమ్మమ్మ నల్లకళ్ళద్దాలు తీసి, ఒక్కో ఆకు దగ్గరా ఆగి, పేజీ మొదటి వాక్యం పెదవులతో చదువుకుంది. తొమ్మిది అయ్యేదాకా మేం పక్కనే నిలబడి లెక్కపెట్టాం.

"ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరు కుట్టారు?"

"నేనేనండీ," అన్నాను ఛాతీ విరిచి. ఆ గొప్ప ఎంతోసేపు నిలవలేదు. "ఆకులు తీసేసింది కూడా నేనే. పదోది ఎక్కడిదో తేలలేదు," అంటూ దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను.

"తప్పు చేస్తే ఒప్పుకుంటాడు, కూర్చుని సరిదిద్దుతాడు," అంది మనవరాలు నా పక్కకి వచ్చి. "మా జిగురు డబ్బా లాంటివాడు ఇంకొకడు దొరకడు అమ్మమ్మా."

ఇన్నేళ్ళలో నా పనికి ఎంతో మెప్పు వచ్చింది. ఇంత గర్వం ఏనాడూ కలగలేదు.

అమ్మమ్మ పదో ఆకు మనవరాలి చేతిలో పెట్టింది. "దీన్ని నువ్వు ఒంటరిగా పెట్టావు, అందుకే గుర్తులేదు. ఇవాళ ఇద్దరూ ఒక కథ చదివి అందులో పెట్టండి."

చెరో పేజీ చదివాం. ఆకు పెట్టి, పుస్తకం మూస్తూ ఆమె అడిగింది. "దీని నీడ పడటానికి ఎన్నేళ్ళు పడుతుంది?"

"పదేళ్ళు పట్టొచ్చు. నువ్వంటే నాకు ఇష్టం. అప్పుడు ఈ పేజీ మనిద్దరం కలిసే తీద్దాం."

ఆమె ఎర్రబడి, తుమ్మి, తలూపింది. "పదేళ్ళూ ఏటా తీసి చూద్దాం. నాకంత ఓపిక లేదు."

అమ్మమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"డాక్టరు బాగా చేశాడే. అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి."